మలేరియా మందు మన ఫ్రిజ్‌లోనే ఉందేమో!

హనుమకొండలో ఏ వీధిలోకి వెళ్లినా ఆర్గానిక్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవారు ఒకరైనా తగులుతారు. జీడిమెట్లలోనో, బొల్లారంలోనో, పాశమైలారంలోనో ఉద్యోగం. శనివారం రాత్రి ఇంటికి వస్తారు, సోమవారం తెల్లవారకముందే కాజీపేటలో రైలెక్కుతారు. బట్టలకు పట్టిన సాల్వెంట్ వాసన రెండుసార్లు ఉతికినా వదలదని తల్లులు విసుక్కుంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో రియాక్టర్ల ముందు నిలబడేది ఇలాంటి పిల్లలే. ఎవరో కనిపెట్టిన అణువును ఇంకొంచెం చౌకగా, ఇంకొంచెం శుద్ధంగా, రెండు అంచెలు తగ్గించి తయారుచేయడంలో మనవాళ్లది అందె వేసిన చేయి. ఆ పనిని తక్కువ చేసి మాట్లాడేవారితో నాకు పేచీ ఉంది. పేదవాడికి మాత్ర అందుబాటు ధరలో దొరుకుతోందంటే అందులో వీళ్ల చెమట ఉంది. మరి వీళ్లు కనిపెట్టిన మందు ఏదని అడిగితే మాత్రం మాట ఆగిపోతుంది.

ఇదే హనుమకొండలో బస్సెక్కి ములుగు, పస్రా దాటితే తాడ్వాయి అడవి మొదలవుతుంది. ఆ తర్వాత ఏటూరునాగారం. గోదావరి దాటితే వాజేడు, వెంకటాపురం మండలాలు, వాటికి ఆవల ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ జిల్లా. వాగులు పొంగి దారులు తెగే నెలల్లోనే ఈ గూడేలకు చలిజ్వరం వస్తుంది. ఆశా కార్యకర్త వేలి కొసన సూదితో గుచ్చి, ఒక్క రక్తపు చుక్కను కిట్ మీద వేసి, పావుగంట ఆగి గీతలు చూస్తుంది. ఫాల్సిపారం అనే రకం మలేరియా అయితే మూడు రోజుల మాత్రల స్ట్రిప్. వయసును బట్టి దాని రంగు మారుతుంది: ఏడాదిలోపు పసివాళ్లకు గులాబీ, నాలుగేళ్ల వరకు పసుపు, ఎనిమిదేళ్ల వరకు ఆకుపచ్చ, పద్నాలుగేళ్ల వరకు ఎరుపు, పెద్దలకు తెలుపు. అక్షరం రాని తల్లి కూడా పొరబడకుండా చేసిన ఏర్పాటు. ఎవరి ఆలోచనో కానీ మెచ్చుకోవాలి.

ఆ మాత్రల పుట్టుపూర్వోత్తరాలు విప్పితే ప్రపంచ పటం మొత్తం తిరిగి రావాలి. ఆర్టిసునేట్ చైనాది. దానికి తల్లి అయిన ఆర్టిమిసినిన్‌ను మాచిపత్రి జాతి మొక్క నుంచి బయటికి తీసింది తూ యూయూ బృందం. సల్ఫాడాక్సిన్ స్విట్జర్లాండ్ కంపెనీది. పైరిమెథమిన్ అమెరికాలో జార్జ్ హిచింగ్స్, గెర్ట్రూడ్ ఎలియన్ పనిచేసిన ప్రయోగశాలలో పుట్టింది. వైవాక్స్ అనే మరో రకం మలేరియాకు ఇచ్చే క్లోరోక్విన్ 1934లో జర్మనీలో హాన్స్ ఆండర్సాగ్ చేసిన అణువు. (తూ యూయూకూ ఎలియన్‌కూ నోబెల్ వచ్చింది. ఇద్దరూ పరిశోధించి పీహెచ్‌డీ పట్టా పొందినవారు కాదు.) భారతదేశం వాటా లేదని కాదు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ ఆర్టీథర్ ఇంజెక్షన్‌ను 1997లో వాడుకలోకి తెచ్చింది. మన ఊళ్లలో ఆర్‌ఎంపీలు చలిజ్వరం అనగానే పొడిచే ఇంజెక్షన్ చాలాసార్లు అదే. అవసరమున్నా లేకున్నా పొడవడం వేరే గోల.

నాతో ఎమ్మెస్సీ చదివిన ఒక స్నేహితురాలు ఇక్కడి విద్యాసంస్థ ఒకదానిలో కెమిస్ట్రీ చెబుతూ, మిగిలిన వేళల్లో మలేరియా అణువుల మీద పనిచేస్తోంది. ఆమె ప్రయోగశాలలో ఒక మధ్యాహ్నం కూర్చున్నాను. ఆమె మొదలుపెట్టేది 4,7-డైక్లోరోక్వినొలిన్ అనే తెల్లటి పొడితో. రెండు వలయాలు అతుక్కుని ఉండే ఆ అణువుకు ఇటొకటి, అటొకటి రెండు క్లోరిన్లు. నూనె స్నానంలో, అంటే వేడి నూనె గిన్నెలో ఫ్లాస్కును ముంచి వేడిచేస్తూ, డైఅమీన్ (రెండు నైట్రోజన్లున్న కార్బన్ గొలుసు) కలిపితే ఒక క్లోరిన్ పోయి, దాని చోట కార్బన్ గొలుసు వేలాడుతుంది. రెండో క్లోరిన్ కదలదు, కదలకూడదు కూడా. మందు గుణానికి అది ఉండాల్సిందే. క్లోరోక్విన్ తయారీ కూడా స్థూలంగా ఇదే చర్య. ఆమె చేస్తున్న మార్పు అంతా ఆ గొలుసులోనే. ఒకసారి పొడవు తగ్గిస్తుంది, ఒకసారి చివర మరో వలయం తగిలిస్తుంది.

గొలుసు పొడవు మారిస్తే ఏమొస్తుందని నాకూ అనిపించింది. అందుకు క్లోరోక్విన్ ఎలా పనిచేస్తుందో, ఎలా ఓడిపోయిందో కొంచెం చెప్పాలి.

మలేరియా పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో దూరి హిమోగ్లోబిన్‌ను తింటుంది. వడ్లు దంచితే ఊక మిగిలినట్టు, హిమోగ్లోబిన్ అరిగాక హీమ్ మిగులుతుంది. ఊకతో ఎవరికీ ప్రమాదం లేదు. హీమ్ మాత్రం దాన్ని తిన్న జీవికే విషం. అందుకని పరాన్నజీవి దాన్ని స్ఫటికాలుగా గట్టిపరిచి తన పొట్టలోనే ఒక మూలకు చేరుస్తుంది. నల్లగా, గోధుమరంగుగా కనిపించే ఈ రేణువులు మనకు పరాయివి కావు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ పొట్టను చీల్చి సూక్ష్మదర్శిని కింద పెట్టినప్పుడు, అక్కడి కణాలు మలేరియావేనని ఆయనకు పట్టించింది ఈ నల్ల రేణువులే. హుస్సేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడట. ఆ అణాల లెక్క గుర్తుపెట్టుకున్నంతగా ఆ రేణువుల సంగతి మనం గుర్తుపెట్టుకోలేదు.

క్లోరోక్విన్ ఆ పొట్టలోకి చేరి స్ఫటికం కట్టనివ్వదు. హీమ్ పేరుకుపోయి పరాన్నజీవి తన తిండి విషంతోనే చస్తుంది. ఇంత తెలివైన మందుకు పరాన్నజీవి కనిపెట్టిన విరుగుడు చాలా చిన్నది. పొట్ట గోడలో ఉండే ఒక ప్రొటీన్‌లో 76వ స్థానంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం పోయి త్రియోనిన్ వచ్చింది. లైసిన్ మీద ధనావేశం ఉంటుంది. పొట్టలోని ఆమ్లంలో క్లోరోక్విన్ మీదా ధనావేశమే. రెండూ వికర్షించుకుంటాయి కనుక మందు లోపలే ఉండిపోయేది. ఆ లైసిన్ పోగానే తలుపు తెరుచుకుంది. తోడుగా మరికొన్ని మార్పులు కూడా ఉన్నాయి కానీ అసలు గొళ్లెం ఊడింది ఇక్కడే. 1950ల చివర్లో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులోనూ కొలంబియాలోనూ క్లోరోక్విన్ ఓడిపోవడం మొదలైంది. 1973లో అస్సాంలో బయటపడింది. ఆ తర్వాత ఫాల్సిపారం విషయంలో దేశమంతా ఆ మందును వదులుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు గొలుసు సంగతి. క్లోరోక్విన్‌లో రెండు నైట్రోజన్ల మధ్య నాలుగు కార్బన్ల దూరం. దాన్ని రెండుకో మూడుకో కుదించినా, పది పన్నెండుకు సాగదీసినా ఆ అణువులు లొంగని పరాన్నజీవిని కూడా చంపుతున్నాయని 1990ల్లోనే అమెరికాలో డొనాల్డ్ క్రోగ్‌స్టాడ్ బృందం చూపించింది. తెరుచుకున్న తలుపులోంచి నాలుగు కార్బన్లది దూరి బయటపడుతోంది, పొట్టిదీ పొడుగుదీ దూరలేకపోతున్నాయి. మూడు కార్బన్లున్న ఏక్యూ-13 అనే అణువు మాలి దేశంలో రోగుల మీద పరీక్షల దాకా వెళ్లింది. ఫలితాలు 2017లో వచ్చాయి. ఫ్రాన్స్‌లో క్రిస్టోఫ్ బియో మరో దారి పట్టాడు. గొలుసు మధ్యలో ఇనుము ఉన్న ఫెర్రోసీన్‌ను ఇరికించాడు. దాని పేరు ఫెర్రోక్విన్. గొలుసు ఒక్క కార్బన్ మేర కుదిస్తే చచ్చిన మందు లేచి కూర్చుంటుందన్నది నాకు ఏ కథలోనూ దొరకని విడ్డూరం.

ఆమె చేతిపనిని కాసేపు చూశాను. పదార్థం శుద్ధంగా ఉందో లేదో చూసే, సిలికా పూసిన టీఎల్‌సీ పలక మీద సన్నటి గాజు గొట్టంతో చుక్క పెట్టి, యూవీ దీపం కింద చూస్తే మచ్చ గుండ్రంగా రావాలి. వచ్చింది తోకచుక్కలా సాగి ఉంది. అమీన్లు సిలికాను పట్టుకుని వదలవు. ద్రావణిలో రెండు చుక్కల ట్రైఎథిలమీన్ కలిపి మళ్లీ చేసింది, తోక పోయింది. ఆ రెండు చుక్కల సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఏడాదిపాటు అణువును శుద్ధిచేసే సిలికా కాలమ్‌లు పాడుచేసుకుని తెలుసుకుంది. సాయంత్రానికి లేత పసుపు పొడి చిన్న గాజుసీసాలోకి చేరింది. కోడ్ సంఖ్య రాసి, పైన టేప్ అతికించి, ఫ్రిజ్‌లో పెట్టింది. తలుపు తీసినప్పుడు చూశాను. అలాంటి సీసాలు ట్రేల నిండా ఉన్నాయి. కొన్నింటి మీద అంకెలు వెలిసిపోయాయి. కొన్నింటిలో పొడి గోధుమరంగుకు తిరిగింది.

"ఇప్పుడు వీటిని మలేరియా మీద ఎప్పుడు పరీక్షిస్తావు?" అని అడిగాను.

"మలేరియా నా దగ్గర లేదుగా" అంది.

అసలు మాట అదే. అణువు చేయడం సగం కూడా కాదు. దాన్ని పరాన్నజీవి మీద పోసి చూడాలి. ఆ పరాన్నజీవిని సీసాలో బతికించడం 1976 దాకా ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. న్యూయార్క్‌లో విలియం ట్రేగర్, జేమ్స్ జెన్సెన్ ఫాల్సిపారంను మనిషి రక్తకణాల్లో ఆగకుండా పెంచే పద్ధతి కనిపెట్టారు. దానికి ఆక్సిజన్ తక్కువ ఉండాలి. వాళ్లు చేసిన ఉపాయం చూడండి: గాజు డెసికేటర్‌లో పళ్లాలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి మూత పెట్టారు. కొవ్వొత్తి ఆరిపోయేసరికి లోపల గాలి పరాన్నజీవికి సరిపడేలా తయారవుతుంది. ఆ డెసికేటర్ మన కెమిస్ట్రీ ల్యాబ్‌లన్నింటిలోనూ ఉంటుంది. ఉప్పులు ఆరబెట్టుకోవడానికి వాడతాం. పాత్ర ఉంది, కొవ్వొత్తి కిరాణా కొట్లో దొరుకుతుంది. లేనిది, 37 డిగ్రీల దగ్గర వారాల తరబడి పరాన్నజీవికి తాజా రక్తం మార్చుతూ కాపలా కాసే మనిషి. పక్క విభాగంలో అలాంటి మనిషి ఉంటే కెమిస్టుకు వారంలో జవాబు వస్తుంది: ఎంత మోతాదులో పెరుగుదల సగానికి తగ్గింది, మందుకు లొంగే రకం మీద ఎంత, లొంగని రకం మీద ఎంత, మామూలు మనిషి కణాలకు ఎంత హాని. ఆ నాలుగు అంకెలు చేతికొస్తేనే గొలుసును పెంచాలో కుదించాలో తెలుస్తుంది. లేకపోతే అమావాస్య రాత్రి బాణం వేయడమే.

మనవాళ్లు ఏం చేస్తున్నారంటే, దొరికినదాని మీద పరీక్షిస్తున్నారు. నేనూ అదే చేశాను. ఎమ్మెస్సీ ప్రాజెక్టులో పద్నాలుగు అణువులు చేసి, మైక్రోబయాలజీ వాళ్లను బతిమాలి, అగార్ పళ్లెం మీద బ్యాక్టీరియా పెంచి, చుట్టూ ఎంత మేర చచ్చిందో స్కేలుతో కొలిచి రాశాను. మిల్లీమీటర్లలో ఒక పట్టిక, కింద "మంచి క్రియాశీలత చూపింది" అని ఒక వాక్యం. ఆ అణువులు క్షయకో మలేరియాకో పనికొచ్చేవేమో, నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. సీసాలు ఎవరో బెంచీ ఖాళీ చేస్తూ పారేశారు. ఒక్కో పీహెచ్‌డీలో ముప్పై నలభై కొత్త అణువులు పుడతాయి. సృష్టిలో ముందెన్నడూ లేనివి. వాటి జాతకం నాలుగు రకాల బ్యాక్టీరియాతోనే ముగిసిపోతోంది.

అటు పెద్ద కంపెనీలు ఏం చేశాయో చూస్తే ఈ వృథా ఇంకా కుదిపేస్తుంది. స్పెయిన్‌లోని గ్లాక్సో కేంద్రం తమ దగ్గరున్న దాదాపు 20 లక్షల అణువులను ఫాల్సిపారం మీద పరీక్షించి, పనిచేసిన 13,500 పైచిలుకు అణువుల నిర్మాణాలను 2010లో అందరికీ తెరిచిపెట్టింది. నూటికి ఒకటి కూడా కాదు, అయినా 13 వేలు. అదే ఏడాది నోవార్టిస్ శాస్త్రవేత్తలు 12,000 అణువుల్లోంచి వడకట్టిన స్పైరోఇండోలోన్ తరగతి అణువు ఒకటి సిపార్గమిన్ అనే పేరుతో రోగుల మీద పరీక్షల దాకా వచ్చింది. అది హీమ్ జోలికి పోదు. పరాన్నజీవి తనలోని సోడియంను బయటికి తోడే పంపును పాడుచేస్తుంది. అంటే క్లోరోక్విన్‌ను గెంటేసిన తలుపుతో దీనికి పనిలేదు. గానాప్లసైడ్ మరొకటి, 23 లక్షల అణువులను జల్లెడ పడితే దొరికింది. దాన్ని లుమెఫాంట్రిన్ అనే పాత మలేరియా మందుతో కలిపి ఆఫ్రికాలోని 12 దేశాల్లో జరిపిన తుది దశ పరీక్షలు సఫలమయ్యాయని 2025 నవంబరులో ప్రకటించారు. ఆర్టిమిసినిన్ తరువాత పూర్తిగా కొత్త కోవకు చెందిన మందు వస్తుందని ఎదురుచూస్తున్నవారికి ఇది పెద్ద కబురు.

వీటి వెనుక జెనీవాలో 1999లో పెట్టిన మెడిసిన్స్ ఫర్ మలేరియా వెంచర్ అనే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. మలేరియా రోగి దగ్గర డబ్బుండదు, అందుకని కంపెనీకి ఆసక్తి ఉండదు. ఆ గోతిని పూడ్చడానికే ఆ సంస్థ. అది 400 అణువులను పళ్లాల్లో పెట్టి, అడిగిన ప్రయోగశాలకల్లా ఉచితంగా పంపింది. సిడ్నీలో మాథ్యూ టాడ్ అనే కెమిస్టు ఇంకో అడుగు ముందుకేశాడు. తన బృందం మలేరియా మీద చేసే ప్రతి చర్యనూ, విఫలమైనవాటితో సహా, ఏ రోజుది ఆ రోజు ఇంటర్నెట్‌లో పెట్టాడు. పేటెంట్ లేదు, దాపరికం లేదు. ఆ దారిలో మందు ఇంకా రాలేదు నిజమే. కానీ ఒక విద్యార్థి నోటుపుస్తకంలోని విఫలమైన పేజీ కూడా ప్రపంచానికి పనికొస్తుందని చూపించాడు. మన దేశంలోనూ కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ 2008లో ఓపెన్ సోర్స్ డ్రగ్ డిస్కవరీ పేరిట క్షయను కేంద్రంగా పెట్టుకుని ఇలాంటి ప్రయత్నమే మొదలుపెట్టింది. కాలేజీల నుంచి అణువులు తెప్పించుకోవాలన్న ఊహ అందులోనూ ఉంది. ఆ ఊహ మంచిది. పట్టుదల చాలలేదని నా అభిప్రాయం.

ఇక్కడ మనవాళ్లు తరచూ తెచ్చే వాదన ఒకటి ఉంది: మన మొక్కలుండగా ఈ గొడవంతా ఎందుకు? వినాయక చవితి పత్రిలో మొట్టమొదట చదివేది మాచీపత్రం. అది ఆర్టిమీసియా ప్రజాతికి చెందినదే, ఆర్టిమిసినిన్ ఇచ్చే చైనా మొక్కకు దగ్గర చుట్టమే. చుట్టరికం నిజమే కానీ ఆస్తి పంచుకోలేదు; ఆర్టిమిసినిన్ దండిగా ఉండేది ఆ చైనా మొక్కలోనే. ఆ మొక్కతో కూడా పాత చైనా గ్రంథం ఊరికే మందు ఇచ్చేయలేదు. ఆకును మరిగించి తీస్తే సారం పనిచేయడం మానేసేది. గే హోంగ్ అనే పూర్వ వైద్యుడు ఆకును నీళ్లలో నానబెట్టి పిండాలన్నాడే గానీ కాచాలనలేదని తూ యూయూ గమనించింది. వేడికి అసలు గుణం పోతోందేమోనని తక్కువ ఉష్ణోగ్రతలో మరిగే ఈథర్‌తో సారం తీసింది. 1971 అక్టోబరులో 191వ నమూనా ఎలుకల్లో పరాన్నజీవిని పూర్తిగా తుడిచిపెట్టింది. అణువులో రెండు ఆక్సిజన్లు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెనలా ఉంటాయి. రక్తంలోని ఇనుము తగిలి తెగి పరాన్నజీవిని చంపేది అదే. గ్రంథం దారి చూపింది, నడిచింది కెమిస్ట్రీ.

పసుపు సంగతీ అంతే. నిజామాబాద్ పసుపు మనకు గర్వకారణం. బెంగళూరులోని ఐఐఎస్సీలో ప్రొఫెసర్ పద్మనాభన్ బృందం కర్‌క్యుమిన్‌ను ఆర్టీథర్‌తో కలిపి ఎలుకల మీద మంచి ఫలితాలు చూపింది. అయితే కర్‌క్యుమిన్ ఒంటికి పట్టదు, నిలకడ తక్కువ. గాజు పళ్లెంలో ఏ పరీక్షకు పెట్టినా పనిచేసినట్టే కనిపించి మోసం చేసే అణువుల జాబితాలో కెమిస్టులు దాన్ని ఎప్పుడో చేర్చారు. రోజుకో కర్‌క్యుమిన్ పేపరు అచ్చువేసే మన విభాగాలు ఈ చేదు నిజాన్ని మింగడం లేదు.

మరి కేసులు తగ్గుతున్నాయి కదా, కొత్త మందు అవసరమా అన్నది రెండో వాదన. తగ్గాయి, కాదనను. దేశంలో నమోదైన మలేరియా కేసులు 2015లో 11.69 లక్షలు, 2023లో 2.27 లక్షలు. దోమతెరలు, కిట్లు, ఆశాల కాళ్లనొప్పులు కలిస్తే వచ్చిన అంకె ఇది. కానీ ప్రపంచంలో 2023 ఒక్క ఏడాదే 26.3 కోట్ల మందికి మలేరియా వచ్చింది, దాదాపు 6 లక్షల మంది చనిపోయారు. రువాండా, ఉగాండా, ఎరిత్రియాల్లో ఆర్టిమిసినిన్‌కు పాక్షికంగా లొంగని రకాలు పాతుకుపోయాయి. మన ఈశాన్య రాష్ట్రాల్లో ఆర్టిసునేట్‌కు తోడుగా ఇచ్చే సల్ఫాడాక్సిన్, పైరిమెథమిన్ జంట పనిచేయక 2013లో అక్కడ మందు మార్చారు. మిగిలిన దేశం ఆ జంట మీదే నడిచింది. పరాన్నజీవికి సరిహద్దు చెక్‌పోస్టు లేదు. అడవిదారిలో బీజాపూర్ నుంచి వాజేడుకు నడిచొచ్చే కూలీ ఒంట్లోనే అది వస్తుంది.

పైగా వైవాక్స్ ఉంది. అది కాలేయంలో నిద్రపోతుంది. రక్తంలోది చచ్చినా నెలల తర్వాత లేచి మళ్లీ జ్వరం తెస్తుంది. ఆ నిద్రపోయేదాన్ని చంపే మందులు లోకం మొత్తం మీద రెండే: ప్రైమాక్విన్, టాఫెనోక్విన్. మొదటిది పద్నాలుగు రోజులు మింగాలి. జ్వరం మూడో రోజుకే తగ్గుతుంది. వరినాట్లు పెట్టుకుని మిగిలిన పదకొండు రోజులు ఎవరు మింగుతారు? రెండోది ఒక్క మోతాదు చాలు. 1978లో అమెరికా సైనిక పరిశోధన కేంద్రంలో తయారైన ఆ అణువుకు అనుమతి 2018లో వచ్చింది. నలభై ఏళ్లు! జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్నవారికి ఈ రెండూ రక్తకణాలను పగలగొడతాయి, ముందుగా పరీక్షించనిదే టాఫెనోక్విన్ ఇవ్వకూడదు. ఆ లోపం గిరిజన సమూహాల్లో తరచుగా కనిపిస్తుంది. మందు ఎవరికి ఎక్కువ అవసరమో వారికే అది ప్రమాదం. కొత్త అణువు ఎందుకని అడిగేవారికి నా జవాబు ఈ ఒక్క పేరా చాలు.

కెమిస్టూ జీవశాస్త్రజ్ఞుడూ ఒకే కప్పు కింద ఉంటే ఏం జరుగుతుందో మనకు బయటివారు చెప్పనక్కరలేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలకు పరిశోధనాధిపతిగా ఉన్నప్పుడు ఆయన బృందం బోదకాలుకు డైఇథైల్‌కార్బమజైన్ కనిపెట్టింది. కెమిస్టులు అణువులు చేస్తుంటే, పక్కనే మరొకరు బోదపురుగులాంటి పురుగున్న ఎలుకలకు వాటిని ఇచ్చి చూశారు. ఏడాదికోసారి మన వరంగల్, కరీంనగర్ పల్లెల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన బోదకాలు మాత్ర ఇదే. తెలుగువాడు కనిపెట్టిన మాత్రే తెలుగు పల్లెకు తిరిగొచ్చింది, న్యూయార్క్ మీదుగా.

నేను అడిగేది కొత్త భవనం కాదు. ప్రారంభోత్సవాలు మనకు బాగానే చేతనవును. కాకతీయ విశ్వవిద్యాలయంలో, ఎన్‌ఐటీలో, చుట్టుపక్కల ఫార్మసీ కాలేజీల్లో థీసిస్ సమర్పించే ప్రతి విద్యార్థీ తను చేసిన ప్రతి కొత్త అణువునూ అయిదు మిల్లీగ్రాములు ఒక ఉమ్మడి నిల్వకు ఇవ్వాలన్న నియమం పెట్టండి. ఫ్రాన్స్‌లో విశ్వవిద్యాలయాల అణువులు ఇలాగే ఒక జాతీయ నిల్వలో చేరుతున్నాయి. నిల్వ హైదరాబాద్‌లో ఉండాలి. మలేరియా పరాన్నజీవిని పెంచే ప్రయోగశాలలు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి కనుక దూరం కూడా కాదు. చేర్చుకునే ముందు శుద్ధత పరీక్షించాలి, ఎందుకంటే మన సీసాల్లో సగం లేబుల్ ఒకటి, లోపల ఉన్నది ఒకటి అయినా నేను ఆశ్చర్యపోను. కరెంటు పోతే మైనస్ ఇరవై డిగ్రీలు నిలిచే ఏర్పాటు కావాలి. ఫలితం ఏదైనా విద్యార్థికి రాసి పంపాలి, పనిచేయలేదన్నా సరే.

ప్రొఫెసర్లు ఒప్పుకోరని విన్నాను. ఎవరైనా తమ అణువును ఎత్తుకుపోతారేమోనని భయమట. ఫ్రిజ్‌లో గోధుమరంగుకు తిరుగుతున్నదాన్ని ఎవరు ఎత్తుకుపోతారు? రెండో అభ్యంతరం కొంచెం బరువైనది: నూటికి తొంభైతొమ్మిది పనికిరావు, అంత శ్రమ దేనికి? నిజమే, పనికిరావు. 20 లక్షలు పరీక్షించినవారికీ అదే జరిగింది. ఆండర్సాగ్ చేసిన క్లోరోక్విన్‌నే మనుషులకు విషమని తలచి ఏళ్ల తరబడి పక్కన పెట్టారు. యుద్ధం వచ్చి అమెరికన్లు మళ్లీ పరీక్షించాక గానీ అది మందని తేలలేదు. అదృష్టం ఏమంటే దాన్ని ఎవరూ బెంచీ ఖాళీ చేస్తూ పారేయలేదు.

నా స్నేహితురాలు నియమం కోసం ఆగలేదు. తెలిసినవారిని పట్టుకుని, వేరే నగరంలో మలేరియా పెంచే ఒక ప్రయోగశాలకు థర్మకోల్ డబ్బాలో కొన్ని సీసాలు పంపింది. ఎనిమిది నెలల తర్వాత ఉత్తరం వచ్చింది. వాటిలో ఒకటి మళ్లీ చూడదగ్గదిగా ఉందట, రెండో పరీక్షకు ఇంకో అయిదు మిల్లీగ్రాములు పంపమన్నారు. ఫ్రిజ్‌లో చూస్తే ఆ సీసాలో ఉన్నది గోటి మీద పట్టేంత. చేసిన విద్యార్థి చదువు ముగించుకుని బొల్లారంలో ఉద్యోగంలో చేరిపోయాడు. అతని నోటుపుస్తకం తీస్తే, సరిగ్గా ఉష్ణోగ్రత రాసిన చోట ఏదో ఒలికి సిరా అలుక్కుపోయి ఉంది. సోమవారం పొద్దున ఫోన్ చేస్తే కాజీపేట నుంచి వెళ్లే రైల్లో ఉన్నాడు.

"120 అనుకుంటా మేడమ్, సరిగ్గా గుర్తు లేదు. రంగు తేనెలా మారగానే దించేవాణ్ణి" అన్నాడు.

నేను వెళ్లేసరికి ఆమె నూనె స్నానం ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. ఫ్లాస్కులో ఉన్నది ఇంకా లేత పసుపే.